కొత్త హాస్టల్ ప్లానులో పిల్లకాయలు కూర్చుని చదివే చోటెక్కడ? – నెల్లూరు జిల్లా అధికారులకు, కళాశాలల పెద్దలకు బహిరంగ లేఖ

జిల్లాలో కాలేజీ విద్యార్థుల హాస్టళ్లను మంజూరు చేసే అధికారులకు, ప్లాన్లు గీసే ఇంజినీర్లకు, డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు నమస్కారం.

నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. కొన్నేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. ఇప్పుడు నెల్లూరులోనే ఉంటున్నాను. ఈ లేఖ నా ఒక్కడిదే కాదు. ఉదయగిరి, వింజమూరు, సీతారాంపురం, ఆత్మకూరు, పొదలకూరు వైపు నుంచి పిల్లల్ని నెల్లూరు పంపి చదివిస్తున్న తల్లిదండ్రులు, హాస్టళ్లలో ఉంటున్న విద్యార్థులు కూర్చుని మాట్లాడుకున్నాకే రాస్తున్నాను.

సంగతి ఇది. ఒక కాలేజీ హాస్టల్ పెచ్చులూడి పడుతోంది, దానికి కొత్త భవనం కడతామన్నారు. సంతోషించాం. ప్లాను చూపించారు. కింద వంటగది, భోజనాల హాలు, స్టోరు, వార్డెన్ గది. పైన రెండంతస్తుల్లో నడవాకు అటొక వరస, ఇటొక వరస గదులు, గదికి ఆరుగురు. చివర బాత్రూములు. అంతటితో ప్లాను అయిపోయింది. డిగ్రీ చదివే పిల్లకాయలు ఉండబోయే ఇంట్లో పుస్తకం తెరిచి నలుగురు కూర్చునే చోటు ఒక్కటీ లేదు. అర్జీ పెట్టాం. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో చూద్దామని అధికారుల రాతపూర్వక జవాబు, అంటే ఎండార్స్‌మెంట్ తీయిస్తే అందులో ఉన్నది ఒకే వాక్యం. మంజూరైన సంఖ్యకు మంచాలు సరిపోయాయట! మేం మంచాల గురించి అడగనే లేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే ఇంకో కార్యాలయానికి పోయినా ఇదే జవాబు వస్తుందని మాకు తెలుసు. లోపం ఒక మనిషిది కాదు, హాస్టల్ అంటే మంచాల లెక్క అని మనకు అలవాటైపోయింది.

మేం అడిగేది కొత్త సంగతేమీ కాదు. ఒకే కోర్సు చదివే మొదటి ఏడాది పిల్లలు పక్కపక్క గదుల్లో ఉండాలి. వాళ్లు కాలేజీలో కూడా ఒకే సెక్షన్‌లో ఉండాలి. వాళ్లు ఉండే చోటికి ఒక లెక్చరర్ వారానికి ఒకటి రెండు సాయంత్రాలు వచ్చి కూర్చోవాలి. ఆ కూర్చునే చోటు కట్టడంలోనే ఉండాలి. పడక, తిండి, చదువు, స్నేహం ఒకదానికొకటి ఆసరా అయ్యేలా హాస్టల్‌ను ముందే ఆలోచించి కట్టడం. ఇంగ్లిష్‌లో రెసిడెన్షియల్ లెర్నింగ్ కమ్యూనిటీ అంటున్నది దీన్నే.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1927లో మైకిల్‌జాన్ అనే ప్రొఫెసర్ దీన్ని చేసి చూశాడు. మొదటి రెండేళ్ల విద్యార్థులు ఒకే హాస్టల్‌లో ఉండేవాళ్లు, చెప్పే గురువుల ఆఫీసు గదులు కూడా అదే భవనంలో. మొదటి ఏడాది పాత ఏథెన్స్ నగరం గురించి, రెండో ఏడాది తమ కాలపు అమెరికా గురించి చదివేవాళ్లు. మధ్యలో వచ్చే వేసవిలో ఎవరి ప్రాంతానికి వాళ్లు పోయి, ఆ ప్రాంతాన్నే పరిశీలించి రాసుకొచ్చేవాళ్లు. 1932లో అది మూతపడింది. కానీ ఆ ఆలోచన పోలేదు. 1930లో హార్వర్డ్‌లో తెరవడం మొదలుపెట్టిన ‘హౌస్’ అనే హాస్టళ్లలో ఒక్కోదానికీ సొంత భోజనశాల, సొంత లైబ్రరీ, అక్కడే కాపురముండే ట్యూటర్లు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం 2011లో తెరిచిన యూనివర్సిటీ టౌన్‌లో విద్యార్థులు తాము ఉండే కాలేజీలోనే కొన్ని క్లాసులు కూడా వింటారు.

అంత దూరం ఎందుకు, మనకే ఉంది. స్వాతంత్ర్య రజతోత్సవానికి గుర్తుగా 1972లో కర్నూలులో పెట్టిన సిల్వర్ జూబ్లీ కాలేజీలోకి అప్పటి రాష్ట్రంలోని మూడు ప్రాంతాల పిల్లల్నీ తీసుకుని ఒకే ఆవరణలో ఉంచి చదివించారు. నాగార్జునసాగర్ రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీ 1982 నాటిది. ఆ రెండు చోట్ల చదివినవాళ్లు మన ఆఫీసుల్లోనే చాలామంది ఉంటారు. ఈ లేఖ చదువుతున్న అధికారుల్లోనూ ఒకరిద్దరు ఉండొచ్చు. మీరు ఏం నేర్చుకున్నారో, అందులో క్లాసురూములో నేర్చుకున్నదెంత, గదిలో నేర్చుకున్నదెంత అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. నెల్లూరులో రెసిడెన్షియల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కార్పొరేట్ ఇంటర్ కాలేజీ. పొద్దున అయిదింటికి లేపడం, స్టడీ అవర్లు, వెనక ఫ్లోర్ ఇన్‌చార్జి నిలబడి ఉండడం, వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం. మేం అడిగేది దీన్ని కాదు. అక్కడ పిల్లల్ని కలిపి ఉంచేది ఒకణ్ని చూపించి ఇంకొకణ్ని తరమడానికి. పక్కవాడికి లెక్క చెబితే తన ర్యాంకు పోతుందని భయపడే చోట కలిసి ఉండటానికీ కలిసి చదవటానికీ సంబంధమే లేదు. ఇంటర్‌లో ఆ రెండేళ్లు గడిపి వచ్చిన పిల్లలు డిగ్రీ హాస్టల్‌లో స్టడీ హాల్ అన్న మాట వింటేనే వెనక్కి జరుగుతున్నారు. వాళ్ల తప్పు లేదు.

ఇక ఇప్పుడున్న పద్ధతి వల్ల మామూలు ఇళ్ల పిల్లలకు ఏం జరుగుతోందో వరసగా మనవి చేస్తాను.

1. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువు అంతా ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లాడు మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ ముందు కూర్చుంటున్నాడు. క్లాసులో అడగడానికి సిగ్గు. ఇంటికి ఫోన్ చేస్తే చెప్పగలిగేవాళ్లు లేరు. వాడికి దిక్కు పక్క మంచం మీదున్న క్లాస్‌మేట్ ఒక్కడే. బీకామ్ కుర్రాడికి రాత్రి తొమ్మిదింటికి ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక, కలవలేదనుకోండి. అదే క్లాసువాడు పక్కనుంటే, తొంగి చూసి, ‘క్యారేజ్ ఇన్‌వర్డ్స్ క్రెడిట్‌లో వేసుండావు, డెబిట్‌లో కదరా ఉండాల్సింది’ అంటాడు. రెండు నిమిషాల పని. పక్కనున్నవాడు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కెమిస్ట్రీ చదివే బీజడ్‌సీ అయితే ఆ తేడా పొద్దుటిదాకా అట్లాగే ఉంటుంది. పొద్దున క్లాసులో ఇంకో చాప్టర్ మొదలవుతుంది. ఇట్లాంటి రాత్రులు పేరుకుపోయి సెమిస్టర్ చివరికి బ్యాక్‌లాగ్‌లవుతాయి.

2. గదులు ఇచ్చేది అప్లికేషన్ వచ్చిన వరసలో. రిజిస్టరులో సీరియల్ నంబరు ఎక్కడ ఆగితే అక్కడ మంచం. ఒకే సెక్షన్ వాళ్లు మూడు గదుల్లోకి, రెండంతస్తుల్లోకి చెదిరిపోతారు. ఇది చాలదన్నట్టు సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్ ఒక వీధిలో, బీసీ సంక్షేమ హాస్టల్ ఇంకో పేటలో, గిరిజన సంక్షేమ హాస్టల్ మరో చోట. పగలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు సాయంత్రం కులాల వారీగా విడిపోయి మూడు దిక్కులకు పోతున్నారు. ఏ శాఖ నిధులు ఆ శాఖవి, హాస్టళ్లు వేరుగా ఉండటానికి కారణాలున్నాయి, వాటిని తీసేయమని నేననను. కానీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకానైనా ఈ పిల్లలు ఒకచోట కూర్చుని చదువుకునే వీలు ఎవరూ ఆలోచించలేదు. మన జిల్లాలో యానాది గిరిజన కుటుంబాలు ఎక్కువ. ఆ ఇళ్ల నుంచి డిగ్రీ దాకా వచ్చేది ఏ కొద్దిమందో. అట్లా వచ్చిన పిల్లకు తన క్లాసులో ఒక్క స్నేహితురాలు కూడా లేకపోతే, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పిల్ల తిరిగి వస్తుందా రాదా అన్నది సందేహమే.

3. చదవడానికి చోటు లేదు. పాత హాస్టళ్లలో కొన్నిటికి రీడింగ్ రూమ్ అని బోర్డు ఉంటుంది. తలుపు తీస్తే బియ్యం బస్తాలు, కాళ్లు విరిగిన మంచాలు, పైన తాడు కట్టి ఆరేసిన లుంగీలు. పుస్తకాల బీరువాకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. గదిలో ఆరుగురికి ఒక్క ప్లగ్ పాయింటు. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి ఇంకో బాక్సు, వరసగా ఫోన్లు. పదింటికి గదిలో లైటు తీసేయాలి, నిద్రపోయేవాళ్లుంటారు కాబట్టి అది న్యాయమే. అప్పుడు చదివేవాడు ఎక్కడికి పోతాడు? మెట్ల మలుపు దగ్గర ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది. దాని కింద మెట్టు మీద కూర్చుని, రికార్డు బుక్కు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరైనా పైకి పోతుంటే కాళ్లు ముడుచుకుంటూ బొమ్మలు గీస్తున్న ఫస్టియర్ కుర్రాణ్ని నేను చూశాను. ‘ఏందబ్బయ్యా ఈడ కూర్చున్నావు’ అంటే, ‘ఈడైతే దోమలు తక్కువ సార్’ అన్నాడు. ఫిర్యాదు చేయాలని కూడా వాడికి తోచలేదు.

4. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. కాలేజీ లైబ్రరీ సాయంత్రం అయిదింటికి మూస్తారు, హాస్టల్ గేటు ఆరింటికి మూస్తారు. నాలుగున్నర దాకా క్లాసులు, ల్యాబ్‌లు. ఆ మిగిలిన అరగంటలో పుస్తకం చూసుకునేది ఎట్లా? భద్రత పేరు చెప్పి మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల్లోనే ఉంది. మన దగ్గర తల్లిదండ్రులు గేటు తెరిచి ఉంచమని అడగరు, భయపడతారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. గేటు ఆరింటికే మూయాలంటే మూయండి. అట్లయితే లైబ్రరీ గేటు లోపలికి రావాలి.

5. రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయిపోగానే వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. మంచి ఆలోచన. విస్కాన్సిన్‌లో పిల్లలు వేసవిలో సొంత ప్రాంతానికి పోయి రాసుకొచ్చినదీ ఇలాంటిదే. కానీ అక్కడ తిరిగొచ్చాక ఆ కాగితాల మీద గురువులతో కలిసి మాట్లాడుకునేవాళ్లు. ఇక్కడ హాస్టళ్లు మూసేస్తారు. ఎవరి ఊళ్లో వాళ్లు ఏదో సర్వే చేశామనిపించి, జిరాక్స్ షాపులో దొరికే పాత రిపోర్టు పేరు మార్చి ఇచ్చేస్తున్నారు. ఉదయగిరి కుర్రాడు తన ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్ల గురించి, ఇందుకూరుపేట అమ్మాయి రొయ్యల గుంటల చుట్టూ ఉప్పెక్కిన బావుల గురించి రాసుకొచ్చి, రాత్రి భోజనాలయ్యాక పదిమందికి చదివి వినిపిస్తే దాని విలువ వేరు.

6. ఒంటరితనం. హాస్టల్ నిండా మనుషులుంటారు, మాట్లాడేవాడు ఉండడు. ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు. శనివారం నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కి ఇంటికి పోతారు, సోమవారం రారు. తర్వాత ఒకరోజు తండ్రి వచ్చి ట్రంకుపెట్టె తీసుకుపోతాడు. మగపిల్లాడైతే గుంటల దగ్గర మేత చల్లే పనికో, డెలివరీ బండికో పోతాడు. ఆడపిల్లయితే పెళ్లి చేస్తారు. రిజిస్టరులో ‘సొంత కారణాలు’ అని రాస్తాం. కొందరి విషయంలో ఇంతకంటే ఘోరం జరుగుతోంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. కౌన్సెలర్ రావాల్సిందే. అయితే కౌన్సెలర్ దగ్గరికి పో అని ముందుగా చెప్పగలిగేది పక్కనున్న స్నేహితుడు.

మాకు చెప్పే అభ్యంతరాలు తెలుసు. ఆఫీసుల్లో నోటిమాటగా చెప్పినవి మూడు.

మొదటిది ర్యాగింగ్. సీనియర్లనూ జూనియర్లనూ కలిపితే ఎవరు జవాబుదారీ అని ఒక అధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్న. కొత్త పిల్లల్ని వీలైనంత వరకు విడి బ్లాకులో ఉంచాలని యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలే చెబుతున్నాయి. మేం దాన్ని కాదనడం లేదు. పడకలు వేరుగానే ఉంచండి. చదివే హాలులో, లెక్చరర్ ఉండే వేళల్లో మాత్రమే సీనియర్లు రావాలి. అవే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచేయరు. కొత్తగా చేరిన పిల్లల్ని చిన్న చిన్న బృందాలు చేసి, ఒక్కో బృందాన్ని ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలి. ఆయన ఆ పిల్లల్ని రోజూ పలకరించాలి. మేం అడుగుతున్నదాంట్లో సగం ఇదే. విడి బ్లాకు అన్న నియమం అడ్డం పెట్టుకుని ఈ నియమాన్ని వదిలేయడం ఏం న్యాయం?

రెండోది, లెక్చరర్లు రారు. రారు, నిజమే. పొద్దంతా క్లాసులు, పైన కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ పనులు, ఆన్‌లైన్ అప్‌లోడ్‌లు. సాయంత్రం హాస్టల్‌కు రమ్మంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఆ రెండు గంటల్ని వర్క్‌లోడ్‌లో లెక్కిస్తే వస్తారు. ఉత్త మంచితనం మీద నడిపిద్దామనుకుంటే రెండు నెలలకు ఆగిపోతుంది. ఊళ్లో నాలాంటి రిటైరైనవాళ్లం కూడా ఉన్నాం, పిలిచి బాధ్యత అప్పగిస్తే ఖాళీగా కూర్చోం.

మూడోది డబ్బు, చోటు. దీన్ని దాటవేయను, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంతస్తుకు ఒక గది చదువుకు వదిలితే ఆరు మంచాలు పోతాయి. రెండంతస్తులకు పన్నెండు. సీటు దొరకని పన్నెండు మంది బయట గది అద్దెకు తీసుకోవాలి, లేదా చదువు మానాలి. మంచమే లేనివాడికి చదువు గది గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు. మెస్ ఛార్జీలు చూస్తే ఇంటర్, ఆపై తరగతుల వాళ్లకు 2022లో పెంచితే నెలకు 1,600 అయ్యాయి, అంటే రోజుకు 53 రూపాయలు. ఇంత బిగువులో గదులు వదలమనడం తేలిక కాదు. అందుకే మేం ముందుగా భోజనాల హాలు అడుగుతున్నాం. ఆ హాలు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా ఖాళీ. పగలు కూడా మూడు పూటలు పోను ఖాళీయే. దాన్ని ప్లాను దశలోనే రెండు పనులకూ పనికొచ్చేలా చేస్తే ఒక్క మంచమూ పోదు. ఇప్పుడు ప్లానులో ఉన్నది కడప బండలతో కట్టిన పొడుగాటి అరుగులు, వాటి ముందు నేలలో పాతిన స్టూళ్లు. పళ్లెం పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. వాటి బదులు జరపడానికి వీలైన బల్లలు, కుర్చీలు, తల మీద మంచి లైట్లు, గోడ పొడుగునా ప్లగ్ పాయింట్లు, ఒక గోడకు బోర్డు, ఒక మూల అద్దాల బీరువా పెట్టించండి. వంటగదికీ హాలుకూ మధ్య తలుపు పడాలి, లేకపోతే గిన్నెల మోతకు, తాలింపు ఘాటుకు చదవలేరు.

ఇవీ మా డిమాండ్లు.

1. విద్యార్థులు, తల్లిదండ్రులు, అక్కడ చదువు చెప్పే లెక్చరర్లు చూసి మాట్లాడేదాకా కొత్త ప్లాను మీద ఆఖరి సంతకం పెట్టకండి. ఒక సాయంత్రం సమావేశం చాలు.

2. భోజనాల హాలును పైన చెప్పినట్టు చదువుల హాలుగా కూడా పనికొచ్చేలా మార్చండి. పైన స్థలం ఉన్నచోట ప్రతి ఇరవై, ఇరవై నాలుగు మందికి ఒక చిన్న కూర్చునే గది ఇవ్వండి. పొడుగాటి నడవా బదులు గదులు ఆ చిన్న గది చుట్టూ గుంపుగా వస్తే పిల్లలు ఒకరికొకరు తెలుస్తారు. పడమటి గోడకు బాత్రూములు, మెట్లు రావాలి, గదులు రాకూడదు. మే నెల నెల్లూరు ఎండ ఎట్లుంటుందో ఇంజినీరు గారికి నేను చెప్పేదేముంది. తూర్పు గాలి లోపలికి రావాలి.

3. ఆ హాలుకు ఇన్వర్టర్ కావాలి. మనకు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే, మొదటి సెమిస్టర్ పరీక్షలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తాయి. తుపాను పట్టినప్పుడు కరెంటు పోతే పిల్లలందరూ ఆ ఒక్క హాల్లో కూర్చోగలగాలి. పుస్తకాల బీరువాలు నేలకు ఆనకుండా ఎత్తులో బిగించండి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఏం జరిగిందో అందరం చూశాం.

4. గదుల కేటాయింపు కోర్సు వారీగా జరగాలి. కులం, ర్యాంకు ప్రాతిపదిక కాకూడదు. మార్కులొచ్చే పిల్లలందర్నీ ఒక గదిలో వేసి స్టార్ బ్యాచ్ చేస్తే ఈ లేఖ రాయకపోయినా బాగుండేదనుకుంటాం. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు, కొత్త భవనం కూడా అక్కర్లేదు. వచ్చే జూన్‌లో పాత హాస్టళ్లలోనే మొదలుపెట్టొచ్చు. కాలేజీ వైపు నుంచి ప్రిన్సిపాళ్లు చేయాల్సింది, హాస్టల్ పిల్లల్ని వీలైనంత వరకు ఒకే సెక్షన్‌లో వేయడం.

5. మూడు శాఖల హాస్టళ్ల పిల్లలకూ, బస్సుల మీద వచ్చిపోయే పిల్లలకూ కలిపి కాలేజీలోనే ఒక హాలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. ఆడపిల్లలు తిరిగి హాస్టల్ చేరడానికి కాలేజీ బస్సో ఆటోనో ఏర్పాటు చేయండి, వెంట ఒక ఉద్యోగిని ఉండాలి. అది కుదిరేదాకా లైబ్రరీ నుంచి పాఠ్యపుస్తకాల సెట్లు ఆడపిల్లల హాస్టల్‌కు తరలించండి.

6. ప్రతి హాస్టల్‌కూ ఇద్దరు లెక్చరర్లను పేరుపెట్టి కేటాయించండి. వారానికి రెండు సాయంత్రాలు, వర్క్‌లోడ్‌లో లెక్కించి. పాఠం చెప్పనక్కర్లేదు, కూర్చుంటే చాలు, పిల్లలే అడుగుతారు. కొత్త పిల్లల చిన్న బృందాల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టండి, ఏ బృందం ఏ లెక్చరర్‌దో అందరికీ తెలియాలి.

7. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అయ్యేదాకా వేసవిలో హాస్టల్‌లో కనీసం ఒక భాగం తెరిచి ఉంచండి.

8. హాస్టల్ కమిటీలో విద్యార్థులుండాలి. మెనూ బోర్డు మీద సంతకం పెట్టడానికి పిలిచే కమిటీ అయితే వద్దు. హాలు వేళలు, నిశ్శబ్దం వేళలు, టీవీ, పుస్తకాల కొనుగోలు వాళ్లే నిర్ణయించుకోవాలి. గొడవలు వస్తాయి, రానివ్వండి. పద్దెనిమిదేళ్లు నిండి ఓటేసేవాళ్లు లైటు ఎప్పుడు ఆర్పాలో తేల్చుకోలేరా?

9. కౌన్సెలర్‌ను నియమించే బాధ్యత ఏ శాఖదో, ఎప్పటికల్లా నియమిస్తారో రాసి ఇవ్వండి.

ప్రైవేటు యాజమాన్యాలకు విడిగా ఒక మాట. జిల్లాలో చాలామంది మీ హాస్టళ్లలోనే ఉన్నారు, ఫీజులు కట్టి ఉన్నారు. పై తొమ్మిదిలో నాలుగోది, ఆరోది, ఎనిమిదోది చేయడానికి మీకు ఎవరి మంజూరూ అక్కర్లేదు.

తల్లిదండ్రులు కూడా ఒకటి చేయాలి. అడ్మిషన్ రోజు హాస్టల్ చూడటానికి పోయినప్పుడు మంచం, ఫ్యాను, అన్నం చూసి వచ్చేస్తాం. ఈసారి, చదివే చోటు చూపించమని అడగండి. అన్నా, అక్కా, పదిమంది అడిగితే పదకొండోవాడికి చూపించడానికైనా ఒక గది ఖాళీ చేస్తారు.

అధికారులు తనిఖీకి వస్తే రాత్రి ఎనిమిదిన్నర తర్వాత రావాలని మనవి. పగలు వస్తే పిల్లలు కాలేజీలో ఉంటారు, గదులు ఊడ్చి ఉంటాయి, అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి.

ఈ లేఖ ప్రతిని సంబంధిత కార్యాలయాలన్నిటికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాం. పాత అర్జీని తిరిగి తెరిచి, పై తొమ్మిదింటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, చేయలేనిది ఎందుకు చేయలేరో ఒక్కోదానికీ విడిగా రాతపూర్వకంగా జవాబివ్వండి. శంకుస్థాపన లోపు జవాబు రాకపోతే పిల్లలు, తల్లిదండ్రులు కలిసి ఆ రోజు ప్లాను కాగితం పట్టుకుని అక్కడికే వస్తాం. గొడవ చేయం. చదువుకునే గది ఎక్కడో చూపించమని అడుగుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, నెల్లూరు
మరియు సంతకాలు చేసిన తల్లిదండ్రులు, హాస్టల్ విద్యార్థులు